సార్ సదుపాయం

నేను సార్‌ని. మర్యాదకి అలా పిలుస్తారని చెప్పడం లేదు, అది నా ఉద్యోగం. నీలాద్రిపేట పురపాలక సంఘంలో సార్ అనే పోస్టు ఒకటి మంజూరైంది. అందులో నన్ను వేశారు. అంతకుముందు సగం జీవితం ఆఫీసు వెనకున్న స్టోర్సులో పైపులకీ, వాల్వులకీ, తుప్పు పట్టిన మీటర్లకీ కాపలా కాశాను. అప్పట్లో అందరూ నన్ను "ఏయ్ సింహాద్రీ" అనేవారు. సార్ అయ్యాక నా పేరుతో ఎవరికీ పని పడలేదు.

ఈ పోస్టు పుట్టడానికి కారణం ధరణి. నీటి సరఫరా విభాగానికి అసిస్టెంట్ ఇంజినీరుగా వచ్చింది. పాతికేళ్లు కూడా లేని పిల్ల. బక్కపల్చగా, భుజానికో సంచీ తగిలించుకుని, బస్సు దిగి తిన్నగా వచ్చి ఇంజినీరు కుర్చీలో కూర్చుంది. అక్కడే వచ్చింది చిక్కు. కొళాయి రావడం లేదని ఎవరో ఒకరు వస్తారు. తలుపు తోస్తారు. కుర్చీలో ఉన్న మనిషిని చూస్తారు. ఆ తరవాత గది నాలుగు మూలలూ చూస్తారు. కొందరు బీరువా వెనక కూడా తొంగి చూస్తారు. చూసి, "సారు నేరామ్మా?" అంటారు, సారు లేరా అని.

నేనే ఇంజినీర్ని, చెప్పండి అంటుంది ధరణి. వచ్చినాయన నవ్వుతాడు. చంటిపిల్ల నోట్లోంచి పెద్ద మాట వస్తే నవ్వుతామే, అలాగ. మంచిదమ్మా, సారొచ్చాకే వస్తాను అని వెళ్లి వరండాలో కూర్చుంటాడు. మధ్యాహ్నానికి వరండాలో జనం కిటకిటలాడేవారు, గదిలో ధరణి ఒక్కతీ ఉండేది. ఒక కాంట్రాక్టరైతే తడిసిన గొడుగు ఆవిడ చేతికిచ్చి, ఆరబెట్టమ్మా, సార్ గారొస్తే లేపు అని చెప్పి ఎదర కుర్చీలో కునుకు తీశాడు. లేచి టీ ఇంకా రాలేదేమని కూడా అడిగాడు.

ధరణి అడిగింది చాలా చిన్న కోరిక. గది తలుపుకి ఒక బోర్డు కావాలంది. తన పేరు, దాని కింద ఇంజినీరు అన్న మాట. పెయింటరు పొద్దున్న మొదలెడితే టిఫిన్ వేళకి అయిపోయే పని.

మా కమిషనర్ చక్రపాణి గారు అంత చిన్నగా ఆలోచించే మనిషి కాదు. ఆయన అప్పుడే మహిళా సాధికారత మీద నగరంలో పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకి వెళ్లొచ్చారు. అక్కడిచ్చిన ఊదారంగు బ్యాడ్జీ చొక్కా మారినా మారకుండా ఉండేది. బోర్డు అన్నది పైపూత మాత్రమేననీ, సమస్యను వేళ్లతో సహా పెకలించాలనీ అన్నారాయన. వెంటనే మహిళా సిబ్బంది గౌరవ పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. అందులో అందరూ మగవాళ్లే. ఒక్క ఆడమనిషినైనా వేస్తే బాగుంటుందేమో అని ఎవరో నసిగితే, ఇప్పటికే బాధపడుతున్న వారిపై అదనపు పనిభారం మోపడం అమానుషం అన్నారు.

ఉపసంఘం ముందుగా సలహాలిచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లకి సలహా ఇవ్వడానికి మన దగ్గర అర్హత ఏమీ అక్కర్లేదు, నోరుంటే చాలు. చీర కట్టమన్నారు, జుట్టు ముడి వెయ్యమన్నారు, కళ్లజోడు పెట్టమన్నారు. అలా చేస్తే వయసు కనిపిస్తుందట. ధరణి చేసింది. మర్నాడొచ్చిన పెద్దాయన గుమ్మంలోనే చేతులు జోడించి, "తమరు సారు గారి ఆడోళ్లా అమ్మా?" అని అడిగాడు. నవ్వుతూ మాట్లాడాలని ఒక సలహా, నవ్వితే అలుసైపోతావని దాని కిందే ఇంకో సలహా ఉన్నాయి. గొంతు పెంచమన్నారు. పెంచింది. ఆ పిల్లకి అంత గొంతేమిటని పై అంతస్తు నుంచి ఫిర్యాదొచ్చింది. ఆ ఫిర్యాదు కూడా ఈ ఉపసంఘానికే పంపారు. వాళ్లు దానికీ ఒక సలహా ఇచ్చారు.

సలహాలన్నీ అయిపోయాక నివేదిక వచ్చింది. దాన్ని కమిషనర్ గారు పురపాలక సంఘం సభలో నిలబడి చదివారు. "సందర్శకుడు గదిలోనికి ప్రవేశించి సార్ కొరకు అన్వేషించుచున్నాడు. సార్ లభ్యము కానందున నిరాశ చెందుచున్నాడు. ఆ నిరాశయే మహిళా అధికారిణి పట్ల అగౌరవముగా పరిణమించుచున్నది. కావున ఇది వివక్షకు సంబంధించిన సమస్య కాదు. ఇది సార్ కొరతకు సంబంధించిన సమస్య."

సభ చప్పట్లు కొట్టింది. కొరత అంటే మా సంఘానికి కొత్త కాదు. నీళ్ల కొరత వస్తే ట్యాంకరు పంపుతాం, దోమల మందు కొరతొస్తే పొగ పెడతాం. సార్ కొరత వచ్చింది కాబట్టి సార్‌ని సరఫరా చెయ్యాలి. మహిళా అధికారిణుల గదుల్లో ఉండాల్సిన కనీస సౌకర్యాల పట్టీలో మంచినీళ్లు, మరుగుదొడ్డి తరవాత సార్ అని చేర్చారు. పథకం పేరు సార్ సదుపాయం.

ధరణి లేచి, నాకు బోర్డు చాలండీ అంది. మీకు బోర్డు కంటే ఎంతో మెరుగైనది ఇస్తున్నామమ్మా అన్నారు కమిషనర్ గారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను చూశాను.

సార్ ఎంపికకి ఇంటర్వ్యూ పెట్టారు. అభ్యర్థికి ఇంజినీరింగు తెలిసి ఉండకూడదని గట్టి నిబంధన. తెలిస్తే ఆవిడ పనిలో కలగజేసుకుంటాడు, అది మహిళా సాధికారతకి భంగం. నేను ఆ విషయంలో ఎవరికీ తీసిపోను. పైగా నాకు మీసం ఉంది, చెంపలు నెరిశాయి, ముందుకి కాస్త పొట్ట వచ్చింది. గొంతు సవరించమన్నారు. సవరించాను. ఉపసంఘంలో ఇద్దరు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు. ఫైలు తిరగెయ్యమన్నారు, కళ్లజోడు మీదుగా చూడమన్నారు. ఇన్నాళ్లూ ఇలాంటి రత్నాన్ని స్టోర్సులో పెట్టి తాళం వేశామా అని కమిషనర్ గారు బాధపడ్డారు.

నాకిచ్చిన నియమాలు మూడు ముక్కలు. "ఊఁ" అనవచ్చు, "చూద్దాం" అనవచ్చు, "కానివ్వండి" అనవచ్చు. ఇంకేదైనా సాంకేతిక అభిప్రాయం చెబితే ఆ క్షణమే వెనక్కి, స్టోర్సుకి.

గదిలో ఒక్క పెద్ద కుర్చీయే ఉంది. దాని వీపు మీద తెల్లటి టర్కీ టవల్ ఉంటుంది. అధికారి కుర్చీకి టవల్ లేకపోతే మా ఆఫీసులో దాన్ని కుర్చీ అనరు. గదికి ఒక టవలే మంజూరు. కాబట్టి పెద్ద కుర్చీ, టవల్ నాకొచ్చాయి. ధరణికి పక్కన స్టూలు వేశారు. నేను వెళ్లి నిలబడితే, ఆవిడ తన ఫైళ్లు సర్దుకుంటూ, "కూర్చోండి సింహాద్రి గారూ, ఇందులో మీ తప్పేముంది" అంది. ఆ ఆఫీసులో నన్ను గారు అని పిలిచిన మొదటి మనిషి ఆవిడే. సార్ అయ్యాక పేరు పెట్టి పిలిచిన ఆఖరి మనిషి కూడా.

పథకం బ్రహ్మాండంగా పనిచేసింది. జనం వచ్చేవారు, నన్ను చూసేవారు, వాళ్ల మొహాలు విప్పారేవి. కొళాయి గోడు నాకు చెప్పుకునేవారు. నేను ధరణి వైపు చూసేవాణ్ణి. ఫలానా వీధిలో వాల్వు మార్చాలి, గురువారం మనిషిని పంపుతాను అని ధరణి చెప్పేది. వాళ్లు ఆవిడ మాట వినబడనట్టు నా మొహమే చూస్తూ కూర్చునేవారు. నేను "ఊఁ" అనేవాణ్ణి. అమ్మయ్య అనుకుని, దండం పెట్టి, సారు పనిమంతుడని మెచ్చుకుంటూ వెళ్లేవారు. గురువారం వాల్వు మారేది. ఊళ్లో నా పేరు మోగిపోయింది. పేరంటే సార్ అనే.

మొదట్లో నాకు భలేగా ఉండేది, అబద్ధం ఎందుకు. వీధిలో నడుస్తుంటే సైకిళ్లు దిగేవారు. ఇంట్లో మా ఆవిడ కూడా ఒకటి రెండుసార్లు పొరపాటున మీరు అంది. పక్క పట్టణాల నుంచి అధికారులు మా గది చూడటానికి వచ్చేవారు. మా ఊరి ఆసుపత్రిలో లేడీ డాక్టరుకి కూడా ఒక సార్‌ని ఇచ్చారు. ఆవిడ నాడి చూసేది, ఆయన తల పంకించేవాడు. ఆడపిల్లల బడిలో లెక్కల పంతులమ్మకి ఒక సార్ వచ్చాడు. ఆవిడ బోర్డు మీద లెక్క చేస్తే, ఆయన చివర్న గీత గీసేవాడు.

ఒకసారి నాకు జ్వరం వచ్చి రాలేదు. ఏం చెయ్యాలో తోచక అటెండరు నా కుర్చీ మీద టవల్ సరిచేసి, బల్ల మీద నా కళ్లజోడు డబ్బా, సగం తాగిన టీ గ్లాసు పెట్టాడట. సార్ ఇప్పుడే బయటికెళ్లారని అర్థం. జనం వచ్చి టవల్‌కి గోడు చెప్పుకున్నారు. ధరణి జవాబు చెప్పింది. వాళ్లు టవల్‌కి దండం పెట్టి వెళ్లారు. పనులేవీ ఆగలేదు. ఆ కబురు విన్నాక నాకు జ్వరం దిగిపోయింది. ఇంకెప్పుడూ సెలవు పెట్టలేదు. టవల్ నా ఉద్యోగానికి ఎసరు పెడుతుందని భయం.

ఇలా ఉండగా కోటవీధి ట్యాంకు సంగతి వచ్చింది. ఆడపిల్లల బడి ప్రహరీని ఆనుకుని ఎత్తయిన పాత వాటర్ ట్యాంకు ఉంది. చాలాకాలంగా ఖాళీగా పడి ఉంది. దానికి కాంట్రాక్టర్ వెంకటపతి మరమ్మతు చేశాడు. మరమ్మతంటే సిమెంటు పూత, దాని మీద రంగు. కమిషనర్ గారి కోరిక మీద స్తంభాల నుంచి పైదాకా కాగడా పట్టుకున్న ఆడమనిషి బొమ్మ వేయించి, కింద మహిళా శక్తి అని రాయించాడు. ప్రారంభోత్సవం నాడు ట్యాంకు అంచుల దాకా నింపాలి. ట్యాంకు నీడలో బడిపిల్లలు వరసగా నిలబడి స్వాగత గీతం పాడాలి.

ధరణి తనిఖీకి బయలుదేరింది. ఆవిడ ఎక్కడికెళ్తే అక్కడికి సార్ వెళ్లాలి కాబట్టి నేనూ బయలుదేరాను. నా వెనక జీపులో నా కుర్చీ, టవల్ వచ్చాయి. స్తంభం పక్కన కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. ధరణి సంచీలోంచి చిన్న సుత్తి తీసి, బొమ్మ పాదాల దగ్గర తడుతూ చెవి ఒగ్గి వింటోంది. చాలాసేపు విన్నాక నా దగ్గరకొచ్చి సుత్తి నా చేతికిచ్చింది. మీరే కొట్టి చూడండి అంది.

కొట్టాను. బజార్లో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా. మంచి కుండ ఖంగుమంటుంది. ఈ స్తంభం డొల్లగా మోగింది. ఇంకో దెబ్బకి కాగడా ఆవిడ మట్టెలు రాలి కిందపడ్డాయి. లోపల ఇనుప ఊచ గోరుతో గీకితే పొడిపొడిగా ఊడొచ్చింది. నాకు ఇంజినీరింగు రాదు గానీ తుప్పు తెలుసు. జీవితమంతా దానితోనే కాపురం చేశాను.

ట్యాంకు నింపకూడదు, సగం కూడా నింపకూడదు, స్తంభాలు మోయలేవు అని ధరణి వెంకటపతికి చెప్పింది. అతను ఆవిడ చెబుతున్నంతసేపూ నన్నే చూస్తున్నాడు. ఆవిడ ముగించాక, సార్ ఏమంటారు అని అడిగాడు. నా నోరు అలవాటు పడిపోయింది. "చూద్దాం" అన్నాను. హమ్మయ్య అని అతను సిగరెట్టు వెలిగించాడు.

 జీపు బజారు దాటాక ధరణి అంది. "చూద్దాం అన్నారు. చూడ్డానికేముంది సింహాద్రి గారూ. పైన నీళ్లు, కింద పిల్లలు."

మర్నాడు కమిషనర్ గారి ముందు ఆవిడ లెక్కలతో సహా అంతా విడమరిచి చెప్పింది. ఆయన ఎంతో ఓపికగా విన్నారు. మహిళల మాట ఓపికగా వినాలని సదస్సులో చెప్పారట. విన్నాక ఇలా అన్నారు. "నూతన ఉద్యోగినులలో ప్రారంభ దశ ఆందోళన సహజమని ఉపసంఘము ఇదివరకే గుర్తించినది. మీ భావాలను గౌరవిస్తున్నాము. ఇక సాంకేతిక అంశమునకు వద్దాము. సార్ గారి అభిప్రాయమేమిటి?"

నాకు సాంకేతిక అభిప్రాయం లేదని ఆయనకి తెలుసు. అందుకే నన్ను ఎంపిక చేసింది ఆయనే. అయినా నిజంగానే అడుగుతున్నారు, నా మొహంలోకి ఆశగా చూస్తూ అడుగుతున్నారు. తుప్పు అని చెబుదామనుకున్నాను. స్టోర్సు గుర్తొచ్చింది. గొంతులోంచి "ఊఁ" వచ్చింది. కమిషనర్ గారు దాన్ని ఆమోదంగా రాయించారు. ధరణి నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆ రోజంతా అనిపించింది.

నెల తరవాత, ప్రారంభోత్సవం రోజు కోటవీధి నిండా షామియానాలు. ట్యాంకు నీడలో ఆడపిల్లలు రిబ్బన్లు కట్టుకుని నాలుగు వరసల్లో నిలబడ్డారు. వాళ్ల పక్కన స్తంభాన్ని ఆనుకుని వేదిక, వేదిక మీద పెద్దల కుర్చీలు, కుర్చీకో టవల్. పంపు మొదలైంది. నీళ్లు పైకెక్కుతున్నాయి. ఉపన్యాసాలు సాగుతున్నాయి. మహిళలకు భద్రమైన సమాజం గురించి కమిషనర్ గారు మాట్లాడుతున్నారు.

ధరణి వేదిక ఎక్కలేదు, స్తంభం దగ్గరే నిలబడి ఉంది. రంగు కింద నుంచి సన్నటి తడి గీత ఒకటి పాకుతోంది. ముందు జానెడు, చూస్తుండగానే బారెడు. ఆవిడ పంపు దగ్గరకి పరుగెత్తి ఆపమంది. పంపు ఆపరేటరు ఎర్రన్న మంచివాడే, చేతులు నలుపుకుంటూ, "సారు సెప్పాలి గదమ్మా" అన్నాడు. బడి పంతుళ్ల దగ్గరకి పరుగెత్తి పిల్లల్ని తీసుకుపొమ్మంది. పాట ఇంకా అవ్వలేదండీ అన్నారు. వేదిక మెట్ల దగ్గరకెళ్లి కమిషనర్ గారితో చెప్పింది. ఆయన మైకు చేత్తో మూసి, కార్యక్రమము ముగిశాక మీ భావాలను తప్పక గౌరవిస్తాము అన్నారు. వెంకటపతి పక్కనున్నాయనతో, పాపం చిన్నపిల్ల, భయపడుతోంది అన్నాడు.

అప్పుడావిడ వేదిక కింద వేసిన నా కుర్చీ ముందుకొచ్చి నిలబడింది. రొప్పుతోంది.  చేత్తో పిల్లల్ని చూపించింది, అంతే.

నేను లేచాను. గొంతు సవరించాను. "పంపు ఆపండి. పిల్లల్ని అవతలికి తీసుకెళ్లండి. మీరందరూ వేదిక దిగండి."

నా మాట పూర్తయ్యేలోపే పంపు ఆగిపోయింది. పంతుళ్లు పిల్లల్ని బడి అవతలి మైదానానికి నడిపించేశారు. కమిషనర్ గారు వాక్యం మధ్యలో మైకు వదిలేసి మెట్లు దిగారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. నెల రోజులుగా ధరణి కారణాలు చెబుతూనే ఉంది, ఒక్కరూ వినలేదు. నేను కారణం చెప్పనే లేదు. నాకప్పుడు భయం వేసింది. ట్యాంకుని చూసి కాదు.

ఎర్రన్న కింది వాల్వు విప్పి నీళ్లు వదిలాడు. అవి పోతుండగానే స్తంభం మీద నుంచి కాగడా ఆవిడ నడుము భాగం పెచ్చుగా ఊడి వేదిక మీద పడింది. కుర్చీలు నుజ్జయిపోయాయి. ఇంకాస్త నిండి ఉంటే ట్యాంకే కూలి మీద పడేది. ట్యాంకు నీడలో, ఇందాక పిల్లలు నిలబడిన చోట, ఒక ఎర్ర రిబ్బను పడి ఉంది.

విచారణ జరిగింది. అదే ఉపసంఘం. నేను నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. కనిపెట్టింది ధరణి గారు, లెక్క కట్టింది ఆవిడ, నెల్లాళ్లు మొత్తుకున్నది ఆవిడ, నాకు ట్యాంకుకీ తొట్టెకీ తేడా తెలీదు, ఆరోజు నేను ఆవిడ మాట అప్పజెప్పానంతే అన్నాను. ఉపసంఘం వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎంత నిగర్వి అనుకున్నారు. నివేదికలో అలాగే రాశారు. "అసామాన్య సాంకేతిక పరిజ్ఞానము కలిగియుండియు, తన ఘనతను క్రింది ఉద్యోగినికి ఆపాదించిన సార్ గారి ఔదార్యము చిరస్మరణీయము."

నాకు ఉత్తమ సార్ అవార్డు ప్రకటించారు. ధరణికి మెమో వచ్చింది. ప్రమాద విషయము ముందుగానే తెలిసియుండియు సంబంధితులకు నమ్మకము కలిగించు రీతిలో ఎందుకు తెలియజేయలేదని అడిగారు. స్వతంత్రంగా ఒక్క నిర్ణయమూ తీసుకున్న దాఖలా లేదు కాబట్టి ప్రొబేషన్ ఖరారు చెయ్యడం కుదరదన్నారు. ప్రొబేషన్ ఖరారు కాకపోతే ఇంటికి పొమ్మన్నట్టే. మెమోతోపాటు పాత సలహాల కాగితం కూడా జత చేశారు.

ఆవిడ మెమో చదివి, మడిచి, సంచీలో పెట్టుకుంది. నాకు ఉండబట్టలేదు. అమ్మా, నిజం చెప్పాను, నమ్మలేదు అన్నాను. నాకు తెలుసు అంది. సంచీ మూసి, "నాకు వాళ్లమీద కోపంగా లేదు సింహాద్రి గారూ. నేను నోరు తెరిస్తే గాలి వీచినట్టుంటుంది వాళ్లకి. గాలిమీద ఎవరికి కోపం, గాలికెవరిమీద కోపం" అంది. అని, కళ్లు తుడుచుకుని, మళ్లీ అంది. "లేదు. అబద్ధం. చాలా కోపంగా ఉంది."

నాకూ వచ్చింది. యాభై దాటాక వచ్చిన కోపం, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అవార్డు సభలో పెట్టాను.

సన్మానం పూర్తయ్యాక నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. శాలువా సర్దుకుని, గొంతు సవరించాను. సభ నిశ్శబ్దమైపోయింది. "రెండు పనులు చెయ్యాలి. ధరణి గారి ప్రొబేషన్ ఖరారు చెయ్యాలి. సార్ పోస్టు రద్దు చెయ్యాలి." అంతే, కూర్చున్నాను.

ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని జవాబు తయారుచేసుకుని వచ్చాను. ఎవరూ అడగలేదు. సార్ గారి దార్శనికత అన్నారు కమిషనర్ గారు. అక్కడికక్కడే తీర్మానం రాశారు, చప్పట్లతో ఆమోదించారు. ఊళ్లో సార్‌లందరూ ఒక్కరోజులో మాయమయ్యారు. లేడీ డాక్టరు ఆ సాయంత్రం అందరికీ జిలేబీలు పంచిందట.

మర్నాడు ఆర్డరు కాపీ ధరణికి ఇచ్చాను. సంతోషిస్తుందనుకున్నాను. చదివింది. "సార్ సూచన మేరకు ఖరారు చేయడమైనది" అన్న చోట వేలు పెట్టి ఆగిపోయింది. నేను పనిచేసినందుకు కాదన్నమాట అంది. 

ఆవిడ పెద్ద కుర్చీలోకి మారింది. నేను స్టోర్సుకి పోయేముందు రిలీవింగ్ కాగితం మీద ఆవిడ సంతకం తీసుకోవాలి. బల్ల ఇవతల నిలబడ్డాను. ఇంతలో తలుపు తోసుకుని కోటవీధి నుంచి ఒక మనిషి వచ్చాడు. తల మీద తుండుగుడ్డ, చేతిలో కొళాయి తలకాయ. కుర్చీ వైపు చూశాడు. నాలుగు మూలలూ చూశాడు.

"సారు నేరామ్మా?"

"లేరు. రద్దయ్యారు. కూర్చోండి, చెప్పండి" అంది ధరణి.

అతనికి అర్థం కాలేదు. వెతుకుతున్న చూపు నా మీసాల మీద పడింది. పోయిన మేక దొరికినంత సంబరంగా నా దగ్గరకొచ్చి కొళాయి నా చేతిలో పెట్టబోయాడు. నేను చేతులు వెనక్కి లాక్కున్నాను. నేను స్టోర్సులో పైపులు కాసేవాణ్ణి బాబూ, ఇంజినీరు ఆవిడ, ఆవిడకే చెప్పు అన్నాను.

అతను తల ఊపాడు. "అలాగే బాబూ. సారు సెప్పారు గదా" అని కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని ధరణికి కొళాయి చూపించడం మొదలెట్టాడు.

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. నా కాగితం మీద సంతకం పెట్టి, కలం మూత పెట్టి, తలెత్తి నన్ను చూసింది.

"సింహాద్రి గారూ, మీరు మంచివారు. కానీ ఇంక ఈ గదిలోకి రాకండి. ఏదైనా పనుంటే నేనే స్టోర్సుకి వస్తాను."

సరేనమ్మా అన్నాను. గొంతు సవరించుకోబోయి మానేశాను. గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి పిలిచింది. కుర్చీ వీపు మీది టవల్ తీసి, మడిచి, చాపిన చేత్తో పట్టుకుని ఉంది. ఇది కూడా పట్టుకెళ్లండి అంది.

పట్టుకొచ్చాను. ఇప్పుడది స్టోర్సులోనే ఉంది. దానితో వాల్వులు తుడుస్తుంటాను. తడి సరిగ్గా పీల్చదు.